సాక్స్-జిమ్ దారుల్లో గుడ్లగూబల కోసం

గురువారం

అమెరికాలోని మినసోటా రాష్ట్రంలో, మినియాపొలిస్ నుంచి 35వ నంబర్ హైవే ఎక్కి ఉత్తరానికి రెండు గంటలు పోతే క్లోకే వస్తుంది. అక్కడ 33 మీదికి మళ్లి, తర్వాత 53లో కలిసి, కాటన్ అనే చిన్న ఊరి దగ్గర పడమటికి తిరిగితే సాక్స్-జిమ్ బాగ్ మొదలవుతుంది. సుమారు 300 చదరపు మైళ్ల చిత్తడి నేల ఇది. నల్ల స్ప్రూస్ చెట్లు, ఆకులన్నీ రాల్చేసిన టామరాక్ చెట్లు, మధ్యలో గడ్డి బీళ్లు, అక్కడక్కడా ఒక ఇల్లు, ఒక పశువుల కొట్టం. గత శతాబ్దం మొదట్లో ఈ నేలను ఎండగట్టి సాగులోకి తేవాలని మైళ్ల కొద్దీ కాలవలు తవ్వారు. అడుగున ఉన్నదంతా వేల ఏళ్లుగా పేరుకుపోయిన నాచు. అది నీటిని వదల్లేదు, సేద్యం చాలాచోట్ల సాగలేదు. అడవి మిగిలింది. ఆ అడవిని నమ్ముకున్న గుడ్లగూబలూ మిగిలాయి.

ఈసారి నాకు తోడు మా బాబాయ్. అటవీ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. సర్వీసులో ఎక్కువ భాగం ఆత్మకూరు వైపు నల్లమలలోనే గడిచింది. మనవళ్లను చూడ్డానికి చలికాలంలో వచ్చారు. ఇంట్లో కూర్చోలేక "ఇక్కడ దగ్గర్లో అడవేమీ లేదట్రా?" అని అడిగారు. ఫిబ్రవరి చివర అంత ఉత్తరానికా అని మా ఆవిడ భయపడింది. ఆయన అప్పటికే మంకీ క్యాపు, రెండు స్వెట్టర్లు బ్యాగులో సర్దుకున్నారు.

ఫిబ్రవరి చివరే వెళ్లడానికి కారణం ఉంది. డిసెంబర్‌లో ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. ఇప్పుడైతే ఏడింటికి తెల్లవారి, దాదాపు పావు తక్కువ ఆరు దాకా వెలుగుంటుంది. ఇంకో సంగతి, గుడ్లగూబలకు ఇది కరువు రోజులు. నెలల తరబడి పడిన మంచు మధ్యలో ఒకటి రెండుసార్లు కాస్త కరిగి, మళ్లీ గడ్డకట్టి, పైన గట్టి పెచ్చు కడుతుంది. ఎలుకలు ఆ పెచ్చు కింద సొరంగాల్లో వెచ్చగా తిరుగుతుంటాయి. పైనున్న పక్షికి అవి అందడం కష్టం. అందుకే మామూలుగా పొద్దు వాలాక వేటాడేవి కూడా ఈ రోజుల్లో పట్టపగలు రోడ్డు పక్కనే కనిపిస్తాయి. చూసే మనకు అది అదృష్టం. పక్షికి మాత్రం అది ఆకలి. ఈ రెండూ కలిపి మనసులో పెట్టుకుని వెళ్లాలని నా అభిప్రాయం.

మధ్యాహ్నం మూడింటికి ఆర్కోలా రోడ్డు మీద మొదటి పక్షి కనిపించింది. ఒంటరి స్ప్రూస్ చెట్టు చిట్టచివరి కొమ్మ మీద నిటారుగా కూర్చుంది, పొడుగు తోక. బాబాయ్ బైనాక్యులర్స్ పెట్టుకుని చాలాసేపు చూసి, "ఇది డేగా, గూబా?" అన్నారు. ఆ అనుమానం ఎవరికైనా వస్తుంది. ఇది నార్తర్న్ హాక్ అవుల్. ముఖం గుడ్లగూబది, ఒడ్డూ పొడుగూ ఎగిరే తీరూ డేగవి. పగలే వేటాడుతుంది, ఎక్కువగా కంటిచూపు మీదే. అర మైలు దూరంలో కదిలే ఎలుకను కూడా గుర్తుపట్టగలదు. తినగా మిగిలితే చెట్టు తొర్రలో దాచుకుంటుంది. మేం చూస్తుండగానే కొమ్మ మీంచి కిందికి జారి, నేలబారున దూసుకుపోయి, దూరంగా ఇంకో చెట్టు దగ్గర ఒక్కసారిగా పైకి లేచి మళ్లీ చిటారు కొమ్మ మీదే కూర్చుంది. దాని కాళ్లలో ఏమీ లేదు.

రాత్రి బస వర్జీనియాలో. రాష్ట్రం కాదు, మెసాబి ఇనుప గనుల మధ్య ఉన్న చిన్న ఊరు. అక్కడికి దగ్గర్లోనే టవర్ అనే ఊళ్లో 1996 ఫిబ్రవరి 2న మైనస్ 51 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. మినసోటాలో ఇప్పటిదాకా అదే రికార్డు. అది విని బాబాయ్ ఆ రాత్రి స్వెట్టర్లు రెండూ వేసుకునే పడుకున్నారు.

శుక్రవారం

పొద్దున మైనస్ 27. కారు స్టార్టయ్యేదాకా టెన్షనే.

అడ్మిరల్ రోడ్డులో, చెట్ల మధ్య, పక్షుల కోసం గింజలూ కొవ్వూ వేలాడదీసిన ఫీడర్లు ఉన్నాయి. మేం కారు ఆపిన కాసేపటికే కెనడా జేలు వచ్చాయి. బూడిద రంగు, బొద్దుగా, మనిషంటే భయం లేని పక్షులు. అవి కొవ్వు ముక్కను అక్కడే తినవు. నోట్లో జిగురు లాలాజలంతో ముద్ద చేసి, చెట్టు బెరడు సందుల్లో అంటించి దాచుకుంటాయి. ఆ దాపుడు తిండి ధైర్యంతోనే ఇంత చలిలో, ఫిబ్రవరి చివర, మార్చిలోనే గూళ్లు కట్టి గుడ్లు పెడతాయి. ఒక జే నోట్లో ఈకా, పుల్లా పట్టుకుని స్ప్రూస్ గుబురులోకి పోవడం బాబాయ్ చూశారు. "మంచులో పురుడేంట్రా దీనికి!" అని చాలాసేపు ఆశ్చర్యపోయారు. ఇక్కడి ప్రత్యేకత అయిన బోరియల్ చికడీ కూడా ఒకటి కనిపించింది. గోధుమ రంగు టోపీ, చిన్న ముక్కు, ఒక్క గింజ తీసుకుని మాయం.

అవుల్ అవెన్యూ మీద ఫ్రెండ్స్ ఆఫ్ సాక్స్-జిమ్ బాగ్ వాళ్ల వెల్‌కమ్ సెంటర్ ఉంది. 2011లో మొదలైన ఈ సంస్థ విరాళాలతో అడవిని కొద్దికొద్దిగా కొని కాపాడుతోంది. ఇప్పటికి వేల ఎకరాలయ్యాయి. లోపల హీటరు, వేడి కాఫీ, కిటికీ బయట ఫీడర్ల నిండా పైన్ గ్రోస్‌బీక్‌లు, రెడ్‌పోల్‌లు. గోడ మీద బోర్డులో ఏ రోజు ఏ పక్షి ఎక్కడ కనిపించిందో రాసి ఉంటుంది. ఎరుపు, పసుపు రంగుల గ్రోస్‌బీక్‌లు తెల్లటి మంచు మీద ఎంత అందంగా ఉన్నా, నా మనసు వాటి మీద నిలవలేదు. వారెన్ నెల్సన్ మెమోరియల్ బాగ్‌లో చెక్క వంతెన మీద నడిచి, చచ్చిన టామరాక్ బెరడు పొరలు పొరలుగా ఊడ్చేస్తున్న బ్లాక్-బ్యాక్డ్ వడ్రంగి పిట్టను చూశాం. ఆ చెట్లను చంపుతున్నది బెరడు కింద తొలిచే ఒక పురుగు. ఈ పిట్టకు అదే తిండి.

సాయంత్రం నాలుగు దాటాక మెక్‌డేవిట్ రోడ్డులోకి తిరిగాం. మంచు తీసేసిన సన్నటి మట్టిరోడ్డు. రెండు పక్కలా కాలవలు, వాటి అవతల పొట్టి స్ప్రూస్ చెట్లు. గంటకు పది మైళ్ల వేగం మించకుండా పోతున్నాం. బాబాయ్ ఉన్నట్టుండి నా మోచేయి పట్టుకుని, "ఆపు. ఎడమ పక్క, విరిగిన మాను మీద" అన్నారు.

గ్రేట్ గ్రే అవుల్.

ఇంజన్ ఆపేశాను. కిటికీ అద్దం అప్పటికే కిందికి దించి ఉంది. దూరం నలభై మీటర్లు ఉంటుందేమో. రెక్కలు విప్పితే ఈ చివర నుంచి ఆ చివరకు దాదాపు ఐదడుగులు, చూడ్డానికి ఉత్తర అమెరికా గుడ్లగూబలన్నిటిలోకీ పొడుగైనది. కానీ తూకం వేస్తే సాధారణంగా ఒకటి, ఒకటిన్నర కిలో లోపే. మిగిలినదంతా ఈకలే. బూడిద రంగు ముఖంలో వలయాలు వలయాలుగా గీతలు, అడ్డంగా కోసిన మాను దుంగలో కనిపించే వలయాల్లాగా. ఆ ముఖానికి కళ్లు చిన్నవి, పసుపు పచ్చ. గడ్డం కింద రెండు తెల్ల మచ్చలు. ఒక్కసారి మా వైపు చూసింది. తర్వాత తల తిప్పేసుకుంది, ఇక మళ్లీ చూడలేదు.

నేను ఇంకొంచెం ముందుకు పోనిద్దామా అన్నట్టు చూస్తే, బాబాయ్ చెయ్యి అడ్డంపెట్టారు. "అది మనల్ని చూడటం మానేసింది కదా. ఇదే సరైన దూరం. ఇక్కణ్ణించి ఒక్క అడుగు వేసినా దాని ధ్యాస మన మీదికి వస్తుంది. వచ్చిందంటే అది వేట మానేసినట్టే."

నల్లమలలో ముప్పై ఏళ్లు దుప్పిని, కణుజుని, అప్పుడప్పుడూ పులినీ చూసిన మనిషి మాట అది. చలికి చేతులు కొయ్యబారుతున్నా అలాగే కూర్చున్నాం.

అది వింటోంది. మెడ కొంచెం ముందుకు చాచి, ముఖాన్ని ఒకవైపు వంచి, నేలలో ఒకేచోటికి గురిపెట్టింది. గ్రేట్ గ్రే చెవి రంధ్రాలు రెండూ ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి పైకి, ఒకటి కిందికి. ఒకే శబ్దం రెండు చెవులకూ అందే తేడా నుంచి అది ఎక్కణ్ణించి వస్తోందో పోల్చుకుంటుంది. ముఖమంతా ఆ శబ్దాన్ని పోగుచేసే పళ్లెం. మంచు సన్నటి శబ్దాలను మింగేస్తుంది, బరువైన శబ్దాలనే కొంచెం పైకి రానిస్తుంది. అంత పెద్ద ముఖం ఉన్నది వాటిని పట్టుకోవడానికే.

లేచింది. రెక్కల చప్పుడు కాదు కదా, గాలి కదిలినట్టు కూడా లేదు. మంచు మీద రెండు మనిషి ఎత్తుల్లో వచ్చి, ఒకే చోట రెక్కలు ఆడిస్తూ నిలబడింది. ఇలా ఎందుకు నిలబడుతుందో 2022లో వచ్చిన ఒక అధ్యయనం వివరించింది. మానిటోబాలో గుడ్లగూబలు వేటాడిన చోట్ల మంచు కింద స్పీకర్లు పాతిపెట్టి కొలిచారు. మంచు లోంచి బయటికి వచ్చేటప్పుడు శబ్దం వంగుతుంది. పక్కనుంచి వింటే ఎలుక ఉన్న చోటొకటి, ఉన్నట్టు తోచే చోటొకటి. సరిగ్గా నెత్తి మీదికి వచ్చి వింటే ఆ తేడా పోతుంది. ఎండమావి కంటిని మోసం చేస్తుంది కదా, ఇది చెవిని మోసం చేసేది. దాన్ని గెలవడానికే గాలిలో ఆ నిలకడ.

తలకిందులుగా పడింది. ఆఖరి క్షణంలో కాళ్లు ముఖం ముందుకు వచ్చాయి. పెచ్చు పగిలిన చప్పుడు మా కారుదాకా వినిపించింది. 80 కిలోల మనిషి నిలబడ్డా కుంగని మంచును కూడా ఈ పక్షి పగలగొట్టిన దాఖలా ఉంది. రొమ్ముదాకా కూరుకుపోయి, రెక్కలు రెండూ మంచు మీద పరిచి, కదలకుండా ఉండిపోయింది. కాళ్లు లోపల తడుముకుంటున్నాయని భుజాల కదలికను బట్టి తెలుస్తోంది. బయటికి వచ్చినప్పుడు గోళ్లలో మంచు తప్ప ఏమీ లేదు.

మళ్లీ మాను ఎక్కింది. మళ్లీ వినడం. వెలుతురు తగ్గిపోతోంది. కెమెరాలో షటర్ స్పీడు పడిపోయింది, నేను కెమెరా ఒళ్లో పెట్టేసుకున్నాను. రెండోసారి కాలవ గట్టు మీద దూకింది. ఈసారి లేవగానే నోటి నుంచి పొట్టి తోక ఒకటి వేలాడుతోంది. వోల్ అంటారు, మన చుంచెలుకకన్నా కాస్త బొద్దుగా ఉంటుంది. తల వెనక్కి వంచి రెండు గుటకల్లో మింగేసింది. చలికాలంలో ఇలాంటివి రోజుకు ఏడు దాకా కావాలి దానికి.

బాబాయ్ రూముకి వచ్చేదాకా మాట్లాడలేదు. అన్నం తినేటప్పుడు మాత్రం "ఏడు దొరకాలా!" అన్నారు.

శనివారం

వారాంతం కాబట్టి జనం పెరిగారు. జిమ్ రోడ్డుకు దగ్గర్లో ఒక మలుపు తిరగ్గానే కార్లు వరసగా ఆగి ఉన్నాయి, సగం రోడ్డు మూసుకుపోయింది. బీడులో కంచె కర్ర మీద ఇంకో గ్రేట్ గ్రే. పెద్ద లెన్సు పట్టుకున్న ఒకాయన కాలవ దాటి మంచులోకి దిగిపోయాడు. ఇంకొకాయన డబ్బాలోంచి పెంపుడు తెల్ల ఎలుకను తీసి విసిరాడు. గుడ్లగూబ వచ్చి దాన్ని ఎత్తుకుపోతుంటే కెమెరాలు టకటకమన్నాయి. రెండో ఎలుకను రోడ్డుకు ఇంకా దగ్గరగా విసిరాడు. పక్షి ఒక పికప్ ట్రక్కు ముందు నుంచే, బానెట్ ఎత్తులో దాటింది. ట్రక్కు నడుపుతున్న స్థానికుడు బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది.

"ఆకలి మీద ఉన్నదానికి తిండి పెడితే తప్పేంటి?" అని అడిగేవాళ్లు ఉన్నారు. తప్పే. కారు ఆగిన చోట తిండి దొరుకుతుందని ఒకసారి నేర్చుకున్న పక్షి రోడ్డును వదలదు. 2004-05 చలికాలంలో కెనడా అడవుల్లో వోల్‌లు తగ్గిపోయి, ఒక్క మినసోటాలోనే 5 వేలకు పైగా గ్రేట్ గ్రేలు లెక్కకొచ్చాయి. అలాంటి వలస అంతకుముందు ఎవరూ చూడలేదు. ఆ చలికాలంలో కార్ల కింద పడి చచ్చినవి చాలా ఎక్కువ. నేలబారున ఎగిరే పక్షి, చెవి మీద ధ్యాసపెట్టి ఎగిరే పక్షి, వచ్చే బండిని చూసుకోదు. సాక్స్-జిమ్‌ను కాపాడేవాళ్లు ఎరలు వెయ్యొద్దని, ఫోన్లో కూతలు వినిపించి పిలవొద్దని, రోడ్డు దిగొద్దని అందుకే పదేపదే చెబుతారు. ఆ వీడియోలు ఫోన్లలో తిరుగుతుంటాయి, కళ్లు కెమెరాలోకి పెట్టి సూటిగా దూసుకొచ్చే గుడ్లగూబ. అలాంటి ఫోటో చూస్తే ఇప్పుడు నాకు ముందు దాని కాళ్ల కింద ఏముందా అనిపిస్తుంది.

మేం అక్కణ్ణించి వెళ్లిపోయాం. కారులో బాబాయ్ తన సర్వీసు నాటి సంగతి చెప్పారు. దీపావళికి ముందు ఒక బస్సులో గోనెసంచి తనిఖీ చేస్తే అందులో కొమ్ముల గూబ ఒకటి, కాళ్లు కట్టేసి ఉందట. క్షుద్రపూజకి ఎవరో ఆర్డరిచ్చారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో గుడ్లగూబను పట్టడం, అమ్మడం నేరం. అయినా దీపావళి వస్తే ఆ వ్యాపారం ఆగదు. బెంగాల్ వైపు లక్ష్మీదేవి వాహనమని మొక్కుతారు, మన ఊళ్లలో ఇంటి మీద వాలితే అరిష్టమని రాళ్లేస్తారు, ఎలుకలు తిని పంట కాపాడేదన్న మాట మాత్రం ఎవరికీ గుర్తుండదు. హైదరాబాద్ చుట్టుపక్కల బండరాళ్ల గుట్టల్లో కొమ్ముల గూబలు గుడ్లు పెట్టేవి. గుట్టలు పగలగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టిన చోట అవి ఎక్కడికి పోతాయి?

మధ్యాహ్నమంతా మేఘాలు. స్టోన్ లేక్ రోడ్డు, బ్లూ స్ప్రూస్ రోడ్డు, ఎక్కడా ఏమీ లేదు. ఒకచోట లేడి కళేబరం మీద బాల్డ్ ఈగిల్, దాని చుట్టూ నల్లముక్కు మాగ్‌పైలు.

చీకటి పడ్డాక తిరిగొస్తూ జనం లేని దారిలో ఇంజన్ ఆపి కిటికీలు దించాం. గాలి లేదు. పది నిమిషాలు గడిచాయి. అప్పుడు వినిపించింది, స్ప్రూస్ చెట్ల లోపలి నుంచి, చాలా లోతైన గొంతు. హూ... హూ... హూ... ఒక్కో కూతకీ మధ్య ఒకే ఎడం, చివరికి వచ్చేసరికి ఇంకా కిందికి దిగుతూ. మగ గ్రేట్ గ్రే. చలికాలం చివర్లోనే ఇవి జోడీ కోసం కూయడం మొదలుపెడతాయి. సొంతంగా గూడు కట్టుకోవు. డేగలు వదిలేసిన పాత గూడో, పైభాగం విరిగిన మానో చూసుకుంటాయి. ఆడది గుడ్ల మీద కూర్చున్నన్నాళ్లూ తిండి మోసుకొచ్చేది మగదే. మార్చి, ఏప్రిల్ కల్లా రోజుకు ఏడు ఎలుకలన్న ఆ లెక్క రెట్టింపవుతుంది.

"పొద్దున వాళ్లు ఆడించింది దీన్నేనేమో" అన్నాను.

"ఏదైతే ఏంలే. ఇప్పుడు దాని జోలికి ఎవరూ లేరు, కూస్తోంది" అన్నారు బాబాయ్.

ఆదివారం

డులూత్ మీదుగా వెనక్కి. లేక్ సుపీరియర్ ఒడ్డున ఐసు పలకలు ఒకదాని మీదొకటి పేరుకుని, ఎండకు నీలంగా మెరుస్తున్నాయి. వీధుల్లో క్రాబ్ ఆపిల్ చెట్ల మీద ఎండిపోయిన కాయల కోసం బొహీమియన్ వాక్స్‌వింగ్‌ల గుంపు దిగింది. చెట్టు మొత్తం ఖాళీ చేసి లేచిపోవడానికి వాటికి ఎంతో సేపు పట్టలేదు.

వంతెన దాటితే విస్కాన్సిన్ రాష్ట్రం, సుపీరియర్ పట్నం. అక్కడి విమానాశ్రయం చుట్టుపక్కల, గోడౌన్ల మధ్య, ఖాళీ స్థలాల్లో చలికాలమంతా స్నోయీ అవుల్‌లు ఉంటాయి. చెట్లే లేని ఆర్కిటిక్ మైదానంలో పుట్టిన పక్షికి చదునైన, తెల్లటి, ఎత్తులేని చోటు కావాలి. కరెంటు స్తంభం మీద ఒకటి దొరికింది. ఒళ్లంతా నల్లటి అడ్డగీతలు, బహుశా వయసులో చిన్న ఆడది. కళ్లు చీలికల్లా మూసుకుని ఎండ కాచుకుంటోంది. కింద లారీలు వెళ్తున్నాయి, దానికి పట్టింపు లేదు. గ్రేట్ గ్రే కన్నా పొట్టి, బరువు మాత్రం దాదాపు రెట్టింపు ఉండొచ్చు.

ఇవి ఆకలికి తాళలేక దక్షిణానికి వస్తాయని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే వింటూ వచ్చాను. 2013-14లో తూర్పు రాష్ట్రాల మీదికి స్నోయీలు వెల్లువలా వచ్చినప్పుడు ప్రాజెక్ట్ స్నోస్టార్మ్ మొదలైంది. పక్షుల వీపు మీద సోలార్‌తో పనిచేసే చిన్న ట్రాన్స్‌మిటర్లు కట్టి వాటి దారులు గమనిస్తున్నారు. పట్టుకుని చూస్తే ఎక్కువ పక్షులు బాగా కొవ్వు పట్టి ఆరోగ్యంగా ఉన్నాయి. ఉత్తరాన లెమ్మింగ్ అనే ఎలుకలు విపరీతంగా పెరిగిన వేసవిలో పిల్లలు ఎక్కువ బతుకుతాయి, ఆ పిల్లలే చలికాలంలో కిందికి వస్తాయి. అలాగని వాటికి గండం లేదని కాదు. 2017లో స్నోయీ అవుల్‌ను ముప్పు ఉన్న జాతుల జాబితాలో చేర్చారు.

బాబాయ్ స్తంభానికి చాలా దూరంగానే కారు ఆపించి, గంటకు పైగా చూశారు. అది ఒక్కసారి కళ్లు పూర్తిగా తెరిచి ఆవులించింది, అంతే. "ఇది కూడా మనల్ని లెక్కచెయ్యలేదు" అని ఎంతో తృప్తిగా అన్నారు. దారిలో ఆత్మకూరులో ఉన్న పాత సహోద్యోగికి ఫోన్ చేశారు. అక్కడ అర్ధరాత్రి దాటింది. అయినా ఆయన ఫోన్ ఎత్తారు, మంచు కింద ఎలుకను వినడం గురించి హింక్లీ దాటేదాకా మాట్లాడుకున్నారు.

వెళ్లాలనుకునే మన తెలుగువాళ్లకి కొన్ని మాటలు. వెల్‌కమ్ సెంటర్ చలికాలంలో మార్చి మధ్యదాకా తెరిచి ఉంటుంది. తెల్లవారగానే ఒకసారి, సాయంత్రం చివరి రెండు గంటలు ఇంకోసారి తిరగండి, మధ్యాహ్నం ఫీడర్ల దగ్గర గడపండి. లోపల ఫోన్ సిగ్నల్ సరిగా రాదు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. పెట్రోలు నింపుకున్నాకే 53 దిగండి. రోడ్డు అంచున మంచు గట్టిగా కనిపించినా దాని కింద కాలవ ఉంటుంది, చక్రం దించారంటే బండి లాగడానికి ట్రాక్టరు రావాలి. పిల్లలతో వెళ్తే మరో జత సాక్సులు, ఫ్లాస్కులో వేడి పాలు. పక్షి కనిపించగానే ఇంజన్ ఆపి కారులోనే కూర్చోండి, అది మీ వైపు చూడటం మానేసేదాకా కెమెరా ఎత్తకండి.